మన రైలు దారిలో సిగ్నల్ కేబిన్లు: వాటి కట్టడము, వాటి రక్షణ

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసము వ్రాయమంటే మనవారు సాధారణంగా కోటను గురించో, కోవెలను గురించో, కవిని గురించో వ్రాస్తారు. బళ్ళారి సీమలో అట్టి వాటికి కొదువ లేదు. ఊరి నడుమ కొండమీద కోట ఉన్నది. 2021లో విజయనగర జిల్లాగా వేరుపడిన హోసపేట ప్రక్కనే హంపి ఉన్నది. తెలుగు నాటకానికి పెద్దదిక్కులైన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ ఈ ఊరిలో పేరు గడించినవారే. వారిని గురించి మాకంటె పెద్దలు వ్రాసియున్నారు, ఇంకను వ్రాస్తారు. మేము రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవాళ్ళము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించినవాళ్ళము. కావున అందరి కండ్ల ఎదుట ఉండి కూడా ఎవరి దృష్టికీ ఆనని ఒక కట్టడమును గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము. అది రైల్వే సిగ్నల్ కేబిను.

పాఠకులలో చాలమంది దానిని చూసియే ఉంటారు. బండి స్టేషనులోకి వచ్చేటప్పుడో, స్టేషను దాటేటప్పుడో పట్టాల ప్రక్కన ఒక చిన్న మేడ కనబడుతుంది. క్రింది గదికి కిటికీలు తక్కువ. పై గదికి మూడు వైపుల కిటికీలే. మెట్లు బయటినుంచి ఉంటవి. పిల్లలు దానిని చూసి "ఆ ఇంట్లో ఎవరుంటారు?" అని అడుగుతారు. రైల్వేవారి క్వార్టరేమోనని పెద్దలు చెప్పి ఊరుకొంటారు. అది కాపురపు ఇల్లు కాదు. వందలాది మంది ప్రాణాలు ఒకరి చేతిలో ఉన్నప్పుడు ఆ చేయి తప్పు చేయకుండా కట్టడి చేసే ఇల్లు. మన రైలు దారి చరిత్ర చాలవరకు ఆ ఇంటిలో ఉన్నదని, దానిని నిలుపుకొనదలచితే గోడలతోపాటు లోపలి పనిని కూడా నిలుపుకొనవలెనని చెప్పడమే మా ఉద్దేశము.

కరువు వేసిన దారి

దక్షిణదేశంలో మొదటి రైలుబండి 1856 జులై 1వ తేదీన చెన్నపట్నపు రాయపురం నుంచి ఆర్కాటు వైపుకు నడిచినది. ఆ మద్రాసు రైల్వే దారి కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా పోయి 1871లో రాయచూరు వద్ద బొంబాయి వైపునుంచి వచ్చిన దారితో కలిసినది. తరువాత అయిదేండ్లకే ధాత, ఈశ్వర నామ సంవత్సరాల మహాక్షామము వచ్చినది. 1876 మొదలు 1878 వరకు సాగిన ఆ కరువులో మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి ఒకటి. ధాన్యము ఒకచోట ఉండి, ఆకలి మరొకచోట ఉన్నప్పుడు ఎద్దుబండ్లతో పని జరుగదని అప్పుడు పాలకులకు తెలిసివచ్చినది. కరువు సీమలలో రైళ్ళు వేయవలెనని 1880లో కరువు కమిషను సిఫారసు చేసినది.

ఆ విధంగా పుట్టినదే 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ. హుబ్బళ్ళి, గదగు, హోసపేట, బళ్ళారి, గుంతకల్లు మీదుగా మీటర్ గేజి పట్టాలు ఆ కాలంలోనే పడినవి. గుంతకల్లు నుంచి నంద్యాల, నల్లమల అడవి, గుంటూరు దాటి బెజవాడ చేరే దారికి ఆ రోజులలో పెట్టిన పేరు వింటే మనవారికి సంతోషము కలుగుతుంది. దాని పేరు బళ్ళారి–కృష్ణా స్టేట్ రైల్వే. నల్లమలలోని దొరబావి వంతెన, బొగద సొరంగము ఆ దారిలోనివే. 1890 నాటికి పడమట గోవాలోని మార్ముగోవా రేవునుంచి తూర్పున కృష్ణ ఒడ్డు వరకు ఒకే గేజి పట్టాలు సాగినవి. 1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిసి ఒకటైనవి. 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే ఏర్పడినది. 1956లో గుంతకల్లు డివిజను వచ్చినది. 2003లో హుబ్బళ్ళి ముఖ్యస్థానముగా నైరుతి రైల్వే ఏర్పడిన తరువాత బళ్ళారి దానిలో చేరినది. గుంతకల్లు దక్షిణ మధ్య రైల్వేలోనే నిలిచినది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మన కుటుంబాలలో చాలవరకు ఈ దారినే వచ్చినవి. కొందరి పెద్దలు రైల్వే కొలువులకు వచ్చినారు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తి అయిన తరువాత కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు కాలువల క్రింద పొలాలు కొని క్యాంపులు కట్టుకొన్నారు. వ్యాపారానికి వచ్చినవారు, గనుల పనికి వచ్చినవారు మరికొందరు. వారిని తెచ్చిన బండ్లు ప్రతి స్టేషనులోను ఎవరో ఒకరు లీవరు లాగి సిగ్నలు ఇస్తేనే లోపలికి వచ్చినవి. ఆ మనుష్యుల పేర్లు ఏ చరిత్రలోను లేవు.

కేబిను ఎందుకు పుట్టినది

రైళ్ళ మొదటి దినాలలో కేబిన్లు లేవు. పట్టా మార్చే కీలు, అనగా పాయింటు, ఎక్కడ ఉంటే అక్కడికి పాయింట్స్‌మన్ పరుగెత్తి దానిని త్రిప్పేవాడు. సిగ్నలును వేరొకచోట మరొకరు దించేవారు. పాయింటు ఒక దారికి ఉండగా సిగ్నలు వేరొక దారికి పడితే ఆపేవారు లేరు. మనిషి జ్ఞాపకమే కాపలా. ఆ జ్ఞాపకము అర్ధరాత్రివేళ తప్పవచ్చును, జ్వరములో తప్పవచ్చును, వరుసగా పన్నెండు గంటలు మేల్కొన్న తరువాత తప్పవచ్చును.

1856లో జాన్ శాక్స్‌బీ అనే ఆంగ్లేయుడు పాయింట్లను, సిగ్నళ్ళను ఒక్కచోటినుంచే కదిపి, ఒకదానితో ఒకటి పొసగనివి ఒకేసారి పడకుండా చేసే ఏర్పాటుకు పేటెంటు పొందినాడు. అటుతరువాత అనేకులు దానిని మెరుగుపరచినారు. దీనినే ఇంటర్‌లాకింగు అంటారు. శాక్స్‌బీ అండ్ ఫార్మర్ కంపెనీ పేరు తరువాత మన దేశంలోను వినబడినది. కలకత్తాలో ఆ కంపెనీకి కర్మాగారము ఉండేది. 1890 దశకంలో లిస్ట్, మోర్స్ అనే ఇద్దరి పేరు మీద తక్కువ ఖర్చు ఇంటర్‌లాకింగు ఒకటి మన దేశపు ఉత్తర భాగాన వాడుకకు వచ్చినది.

ఈ విద్య ఉత్త తెలివితో పెరగలేదు; ప్రాణాలు పోయిన తరువాత పెరిగినది. 1876 జనవరి 21న ఇంగ్లండులో అబట్స్ రిప్టన్ వద్ద మంచు పేరుకొని సిగ్నలు చేతులు పైకి లేవక, దారి ఉన్నట్లే చూపించినవి. బండ్లు ఢీకొని పదిమందికి పైగా మరణించినారు. అప్పటివరకు సిగ్నలు మామూలుగా "రావచ్చు" అని ఉండి, అవసరమైనప్పుడు "ఆగు" అనేది. అది మొదలు మామూలుగా "ఆగు" అని ఉండి, అవసరమైనప్పుడు మాత్రమే "రావచ్చు" అనవలెనని నియమము వచ్చినది. 1889 జూన్ 12న ఐర్లండులో ఆర్మా వద్ద విహారానికి పోతున్న పిల్లలతో నిండిన పెట్టెలు వాలులో వెనుకకు జారి మరొక బండిని ఢీకొన్నవి. ఇంచుమించు 80 మంది చనిపోయినారు. ఆ ఏడే అక్కడి పార్లమెంటు చట్టము చేసి ప్రయాణికుల దారులలో బ్లాకు పద్ధతి, ఇంటర్‌లాకింగు, బండి మొత్తానికి ఒకేసారి పనిచేసే బ్రేకు తప్పనిసరి చేసినది. మన స్టేషన్ల కేబిన్ల వెనుక అట్టి కన్నీటి చరిత్ర ఉన్నది.

కట్టడము

ఇక కేబిను కట్టడము సంగతి. ఇటుకతోనో, ఆయా ప్రాంతపు రాతితోనో కట్టినా, సొంపు కొరకు చేసినది అందులో బహు కొద్ది. ప్రతి భాగానికి ఒక కారణము ఉన్నది.

పై గది ఎత్తుగా ఉండుటకు కారణము చూపు. నిలిచి ఉన్న పెట్టెలమీదుగా పట్టాలన్నీ కనబడవలెను. వచ్చే బండి తోక పెట్టె మీది గుర్తు కనబడవలెను. ఆ గుర్తు ఉంటేనే బండి మొత్తము వచ్చినట్లు. లేకుంటే దారిలో కొన్ని పెట్టెలు తెగి నిలిచియున్నవని అర్థము. అందుకే మూడు వైపుల కిటికీలు. ఎండ, వాన లోపల పడకుండా చూరు ముందుకు చాచి ఉంటుంది.

పై గదిలో నేలలోనుంచి వరుసగా ఇనుప లీవర్లు నిలిచియుంటవి. వాటికి రంగులు ఉన్నవి. ఎర్రనిది ఆపే సిగ్నలుది. నల్లనిది పాయింటుది. నీలిది పాయింటుకు వేసే తాళానిది. తెల్లనిది ప్రస్తుతము పని లేనిది. ప్రతి లీవరుకు అంకె ఉంటుంది. చాలచోట్ల లీవరు మీది బిళ్ళపై దానికి ముందు లాగవలసిన లీవర్ల అంకెలు కూడా వ్రాసియుంటవి.

క్రింది గదిని లాకింగు గది అంటారు. కేబిను ప్రాణము అక్కడ ఉన్నది. లీవరు కదిలినప్పుడు ఇనుప పట్టీలు జరుగుతవి. వాటికి కోసిన గాడులలో చిన్న ఇనుప ముక్కలు పడి మరొక లీవరును కదలనీయక బంధిస్తవి. ఉదాహరణకు రెండవ పట్టా మీదికి బండిని తీసుకొనవలెనంటే మొదట పాయింటు లీవరు లాగవలెను. తరువాత తాళపు లీవరు. అప్పుడుగాని సిగ్నలు లీవరు రాదు. సిగ్నలు ఇచ్చిన తరువాత పాయింటును త్రిప్పబోతే, ఎంత బలవంతుడు లాగినా లీవరు కదలదు. మొదట సిగ్నలు వెనుకకు వేయవలెను, తరువాత తాళము తీయవలెను, ఆపైన పాయింటు. ఆ గదికి తాళము వేసి, సీలు వేసి ఉంచుతారు. సిగ్నలు శాఖవారు తప్ప ఇతరులు తెరువరాదు.

ఇనుప ముక్కలతో కూర్చిన తర్కశాస్త్రము ఇది. ఈ రోజులలో కంప్యూటరు చేసే "ఇది అయితే అది, అది కాకుంటే ఇది కాదు" అనే ఆలోచనను, విద్యుత్తు లేకుండా, కమ్మరి చేతి పనితో నూరేండ్లకు ముందే చేసి పెట్టినారు.

క్రింది గది గోడ అడుగున ఉన్న సందులనుంచి ఇనుప కడ్డీలు, తీగలు బయటికి పోతవి. కడ్డీలు పాయింట్లకు, తీగలు సిగ్నళ్ళకు. కడ్డీని చాల దూరము త్రోయడము సాధ్యము కాదు. అందుకే కొంచెము పెద్ద స్టేషనుకు ఒక్క కేబిను చాలదు; తూర్పు కొసన ఒకటి, పడమటి కొసన ఒకటి కడతారు. నడుమ స్టేషను మాస్టరు ఉంటాడు. ఆయన అనుమతి ఇచ్చే మీట త్రిప్పనిదే కేబినులో ముఖ్యమైన సిగ్నలు రాదు. మరీ చిన్న స్టేషన్లలో కేబిను ఖర్చు పెట్టలేక తాళంచెవి పద్ధతి పెట్టేవారు. పాయింటుకు తాళము వేస్తేగాని చెవి ఊడిరాదు. ఆ చెవి తెచ్చి పెట్టనిదే సిగ్నలు పడదు.

బళ్ళారి ఎండ, సిగ్నలు తీగ

మన సీమ ఎండ సంగతి పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ ఎండకు కేబినుకు సంబంధము ఉన్నది. ఉక్కు తీగ వేడికి సాగుతుంది. ఎనిమిది వందల మీటర్ల తీగ తెల్లవారుజాము చలినుంచి మిట్టమధ్యాహ్నపు ఎండకు 25 డిగ్రీలు వేడెక్కినదనుకొందాము. లెక్క వేస్తే అది సుమారు 24 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు జానెడు సాగుతుంది. కేబిన్‌మన్ లీవరు పూర్తిగా లాగినా ఆ లాగుడంతా తీగ సాగులోనే పోయి, సిగ్నలు చేయి సగమే వంగవచ్చును. సగము వంగిన సిగ్నలు డ్రైవరుకు అనుమానము కలిగిస్తుంది. అందుకే తీగను బిగించుటకు, వదులు చేయుటకు కేబినులో ప్రత్యేకమైన మరలు ఉంటవి. ప్రొద్దు ఎక్కిన కొలది బిగించవలెను, చల్లబడిన కొలది వదలవలెను.

కడ్డీలకు మరింత చక్కని ఉపాయము ఉన్నది. కడ్డీ నడుమ ఒక వంపు కీలు పెట్టి, ఒక సగము ముందుకు జరిగితే రెండవ సగము వెనుకకు జరిగేటట్లు చేస్తారు. అప్పుడు రెండు సగముల సాగుడు ఒకదానినొకటి కొట్టివేసి, కొసన ఉన్న పాయింటు తన చోటనే ఉంటుంది.

తీగ తెగితే ఏమగునని కొందరు అడుగవచ్చును. సిగ్నలుకు బరువు కట్టియుంటుంది. తీగ తెగగానే ఆ బరువు చేతిని తిరిగి అడ్డముగా, అనగా "ఆగు" అనే స్థితికి తెస్తుంది. చెడినప్పుడు బండిని ఆపే వైపుకే చెడవలెనన్నది ఆ పెద్దల సూత్రము. సాయంకాలము లాంప్‌మన్ కిరసనాయిలు దీపము పట్టుకొని సిగ్నలు నిచ్చెన ఎక్కేవాడు. ఆ దీపము ముందు ఎర్ర అద్దము, పచ్చ అద్దము మారుతూ రాత్రివేళ చేతి పని చేసేవి.

మాట, గుండు, సరిహద్దు

కేబినులో యంత్రముతోపాటు మాట కూడా ముఖ్యము. ఈ ప్రక్క స్టేషను మాస్టరు గంట కొట్టి, టెలిఫోనులో అడిగి "లైన్ క్లియర్" తీసుకొంటాడు. దారి ఖాళీగా ఉన్నదని అవతలివారు ఒప్పుకొనేవరకు బండి కదలరాదు. మాస్టరుకు, కేబినుకు నడుమ మాట ఇచ్చినప్పుడు "ప్రైవేటు నంబరు" అని ఒక అంకె ఇచ్చుకొంటారు. ఆ అంకెను పుస్తకములో వ్రాసుకొనవలెను. మాట గాలిలో పోతుంది, అంకె కాగితము మీద నిలుస్తుంది. గుమాస్తాలమైన మాకు ఆ పుస్తకాల విలువ తెలుసును.

ఒంటి పట్టా దారులలో నీల్ అనే ఆయన పేరుగల గుండు యంత్రము చాల వాడుకలో ఉండేది. రెండు స్టేషన్లలోను ఒక్కొక్క పెట్టె, అందులో ఇనుప గుండ్లు. ఒక గుండు బయటికి వచ్చినదంటే, అది మరల ఏదో ఒక పెట్టెలో పడేవరకు ఆ రెండు పెట్టెలలోను మరొక గుండు రాదు. ఆ గుండును సంచిలో పెట్టి, బెత్తపు వలయానికి కట్టి, కదిలే ఇంజనులోని డ్రైవరుకు అందిస్తారు. ఆ గుండు చేతిలో లేనిదే డ్రైవరు ఆ దారిలోకి పోరాదు. పోగొట్టుకొంటే ఎంత గొడవయో పాత రైల్వేవారిని అడిగితే చెబుతారు.

ఇక్కడ మన జిల్లా చరిత్ర ఒకటి జ్ఞాపకము చేయవలెను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లానుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలోకి పోయినవి. బళ్ళారితోపాటు మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రములో చేరినవి. ఎన్ని వాదప్రతివాదాలు జరిగినవో, ఇరువైపులా ఎందరి మనస్సులు నొచ్చినవో పెద్దలకు తెలుసును. ఆ తగవులోకి మేము పోదలచలేదు. ఒక్క సంగతి మాత్రము చెబుతాము. బళ్ళారినుంచి గుంతకల్లుకు పోయే దారి ఆనాడు ఒక రాష్ట్రపు దారి కాస్తా రెండు రాష్ట్రాల దారి అయినది. బళ్ళారినుంచి రాయదుర్గానికి పోయే శాఖ కూడా అంతే. అయినా సరిహద్దుకు ఈవలివారు లైన్ క్లియర్ అడుగవలసినదే, ఆవలివారు ఇవ్వవలసినదే. అడిగినవాడు కన్నడము మాట్లాడినా, ఇచ్చినవాడు తెలుగు మాట్లాడినా, లీవరు లాగినవాడు ఉర్దూయో తమిళమో మాట్లాడినా బండి క్షేమంగా పోయినది. ఒకరి మాట మీద మరొకరికి నమ్మకము లేకుంటే ఆ దారిలో ఒక్క బండి నడువదు. పరాయి రాష్ట్రంలో ఇల్లు కట్టుకొని, ఇరుగుపొరుగు కన్నడిగులతో కలిసి బ్రతుకుతున్న మనకు దీనికంటె మంచి పాఠము ఏ పుస్తకములో దొరుకుతుంది?

పాత పద్ధతి పోవుట

ఇప్పుడు ఆ కేబిన్ల కాలము గడచిపోతున్నది. మీటర్ గేజి పోయి బ్రాడ్ గేజి వచ్చినది. ఒంటి పట్టా జంట పట్టాలైనవి. లీవర్ల స్థానములో విద్యుత్తు మోటార్లు, కంప్యూటరు తెరలు వచ్చినవి. 2023 నాటికి భారతదేశములో 6,400కు పైగా స్టేషన్లలో పాయింట్లను, సిగ్నళ్ళను ఒక్క చోటినుంచే నడిపే విద్యుత్ లేక ఎలెక్ట్రానిక్ ఇంటర్‌లాకింగు ఏర్పాటైనది. ఇది మంచి మార్పు. ఎండలో తీగ బిగించే బాధ తప్పినది. అర్ధరాత్రి వానలో నిచ్చెన ఎక్కే పని తప్పినది. బండ్ల సంఖ్య పెరిగినది. పాత లీవర్లనే ఉంచవలెనని మేము అనడము లేదు. అట్లు అనేవారు ఆ లీవర్లను ఎనిమిది గంటలు లాగి చూడవలెను.

కాని యంత్రము మారినంత మాత్రాన పాత పాఠము పాతబడదు. 2012 మే 22న హుబ్బళ్ళినుంచి బెంగుళూరుకు పోతున్న హంపి ఎక్స్‌ప్రెస్సు పెనుకొండ స్టేషనులో నిలిచియున్న గూడ్సు బండిని ఢీకొన్నది. ఇరవైమందికి పైగా మరణించినారు. ఆ బండి మన బళ్ళారి, హోసపేటల మీదుగా పోయినదే. ఆ తెల్లవారుజాము వార్త విని కంగారుపడని ఇల్లు ఇక్కడ తక్కువ. 2023 జూన్ 2న ఒడిశాలో బహనగా బజారు స్టేషను వద్ద మూడు బండ్లు ఢీకొని 290 మందికి పైగా చనిపోయినారు. సిగ్నలు తీగల అమరికను మార్చిన పనిలో లోపాలు జరిగినవని విచారణలో తేలినది. అక్కడ ఉన్నది కొత్త పద్ధతియే. తెరమీద ఒక దారి కనబడుతూ, నేలమీద పాయింటు మరొక దారికి ఉండరాదన్నది శాక్స్‌బీ నాటి సూత్రమే. దానిని పిల్లలకు, కొత్తగా కొలువులో చేరినవారికి కండ్లకు కట్టినట్లు చూపించుటకు పాత కేబిను క్రింది గదిని మించిన బడి లేదు. కంప్యూటరు లోపలి తర్కము కంటికి కనబడదు. ఇనుప పట్టీల తర్కము వ్రేలితో తాకి చూడవచ్చును.

పని పోయిన కేబినుకు తరువాత ఏమి జరుగుతుందో మేము కొన్ని చోట్ల చూసియున్నాము. మొదట లీవర్లు విప్పుతారు. అవి తుక్కు ఇనుము తూకానికి పోతవి. క్రింది గదిలో పనికిరాని సామాను వేస్తారు. తరువాత కిటికీ తలుపులు పోతవి. కప్పు కారుతుంది. ప్రమాదకరమని చివరకు పడగొడతారు. ఇందులో ఎవరినీ తప్పు పట్టవలసినది లేదు. పట్టా ప్రక్కన శిథిలమైన గోడ ఉంచరాదు. పనికిరాని ఇనుమును దాచుటకు లెక్కలలో పద్దు లేదు. అడిగేవారు లేరు గనుక పోతున్నవి.

ఇతరులు ఏమి చేసినారు

కేబిన్లు మొదట పుట్టిన ఇంగ్లండులో కూడా ఈ సమస్య వచ్చినది. 2011లో అక్కడి రైల్వేవారు ఎనిమిది వందలకు పైగా ఉన్న సిగ్నలు పెట్టెలను (అక్కడ వాటిని పెట్టెలనే పిలుస్తారు) మూసివేసి, పదిహేనుకు లోపు పెద్ద కేంద్రాలనుంచి దేశమంతటా బండ్లు నడుపుతామని ప్రకటించినారు. అప్పుడు పురాతన కట్టడాల సంస్థవారు, రైల్వేవారు కలిసి కూర్చొని, ఏవి నిలుపవలెనో ముందే ఎంచి, 2013లో 26 కేబిన్లను రక్షిత కట్టడాల పట్టీలో చేర్చినారు. ష్రూస్‌బరీలో 1903లో కట్టిన 180 లీవర్ల కేబిను రక్షిత కట్టడమే. పనిచేసే లీవరు కేబిన్లలో ప్రపంచమంతటిలోను అదే పెద్దదని చెబుతారు.

మాకు అంతకంటె నచ్చినది లండనుకు ఉత్తరాన ఉన్న సెయింట్ ఆల్బన్స్ ఊరివారి పని. అక్కడ 1892లో కట్టిన 44 లీవర్ల కేబిను 1980 ప్రాంతములో మూతపడి పాడుపడినది. 2003లో ఊరివారు ఒక ట్రస్టు పెట్టుకొని, సెలవు దినాలలో స్వయముగా రంగులు వేసి, కొయ్యపని చేసి దానిని బాగుచేసినారు. ఇప్పుడు చూడవచ్చినవారు లీవరు లాగి చూడవచ్చును. గోడలు మాత్రమే నిలిపి లోపల కాఫీ హోటలు పెట్టినా కట్టడము మిగిలేది. కాని వారు లీవర్లు కదిలే కేబినును నిలిపినారు. మేము చెప్పదలచిన భేదము ఇదే.

మన దేశములో ఈ పని లేదని కాదు. ఢిల్లీలో 1977లోను, మైసూరులో 1979లోను రైలు మ్యూజియములు వెలసినవి. మనకు దగ్గరి హుబ్బళ్ళిలో 2020లో ఒకటి తెరచినారు. సికిందరాబాదులో 1957నుంచి సిగ్నలు ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే రైల్వే సంస్థ ఉన్నది. మెట్టుగూడలో సిగ్నలు సామాను తయారుచేసే రైల్వే కర్మాగారము ఉన్నది. రాజమహేంద్రవరములో 1900నుంచి 1997 వరకు బండ్లను మోసిన హేవలాక్ వంతెన పని మాని కూడా గోదావరి మీద నిలిచియున్నది. వంతెన పెద్దది గనుక అందరి కంటికి ఆనుతుంది, పోతుందంటే పదిమంది అడ్డుపడతారు. ఇంజను అందమైనది గనుక మ్యూజియములో చోటు దొరుకుతుంది. కేబిను చిన్నది, మూగది. దానికి మాట ఇచ్చేవారు కావలెను.

మ్యూజియముకు లీవర్లు మోసుకొనిపోతే చాలదా అని అడుగవచ్చును. ఏమీ లేనిదానికంటె అది మేలే. కాని కేబిను అర్థము దాని చోటులో ఉన్నది. ఆ కిటికీలోనుంచి ఏ పట్టాలు కనబడినవి, ఏ సిగ్నలుకు తీగ ఎటు పోయినది అన్నది చూస్తేనే ఆ కట్టడము ఎందుకు అట్లు ఉన్నదో తెలుస్తుంది. కావున వీలైనచోట ఒక్కటైనా ఉన్నచోటనే ఉంచవలెను. వీలు కానిచోట లీవర్ల చట్రమును, లాకింగును విడదీయకుండా మొత్తముగా తరలించవలెను. ఒక లీవరు తెచ్చి గోడకు తగిలిస్తే అది అలంకారమే గాని చరిత్ర కాదు.

మనము చేయగలిగినది

మన సంఘము చిన్నది. కట్టడములు కొనే స్తోమతు మనకు లేదు. అవి రైల్వే సొత్తు. పట్టాల ప్రక్కన ఉన్నవి గనుక అనుమతి లేకుండ ఎవరును అటు పోరాదు, ముఖ్యముగా పిల్లలు. అయినను ఖర్చు లేకుండ చేయగలిగిన పనులు కొన్ని ఉన్నవి.

మొదటిది, గుంతకల్లు–బళ్ళారి–హోసపేట దారిలోను, రాయదుర్గము శాఖలోను మిగిలిన పాత కేబిన్లు ఎన్ని, ఏ స్థితిలో ఉన్నవి అన్న పట్టీ ఒకటి తయారు చేయవలెను. రెండవది, అనుమతి తీసుకొని వాటికి ఫొటోలు తీసి, కొలతలు వ్రాసి, లీవరు బిళ్ళలమీది అంకెలు, పేర్లు చెరిగిపోకముందే ఎత్తి వ్రాసుకొనవలెను. మూడవది, ఒక్క కేబినునైనా లోపలి సామానుతో నిలుపవలెనని తెలుగు సంఘమువారు, కన్నడ సంఘమువారు కలిసి రైల్వే అధికారులకు వినయపూర్వకముగా అర్జీ పెట్టవలెను. ఒక్క భాషవారు అడిగేకంటె ఇద్దరు కలిసి అడిగితే మాటకు బరువు ఉంటుంది. ఆ కేబిను ఇద్దరిదీ.

నాలుగవది అన్నిటికంటె తొందర పని. లీవర్లు లాగిన కేబిన్‌మన్‌లు, పాయింట్స్‌మన్‌లు, లాంప్‌మన్‌లు ఇప్పుడు ముసలివారైనారు. మన వీధులలోనే ఉన్నారు. కొందరు మన సంఘ సభ్యుల తండ్రులు, తాతలు. గోడ ఇంకొక పదేండ్లు నిలువవచ్చును. వారి జ్ఞాపకము అన్నాళ్ళు నిలుస్తుందని ఎవరు చెప్పగలరు? వారి వద్ద కూర్చొని, ఏ లీవరు బరువు, ఏ వాన రాత్రి ఏమి జరిగినది, గంటల సంకేతాలు ఏమిటి, తమలో తాము ఏ మాటలు వాడుకొనేవారు అన్నవి వ్రాసుకొనవలెను. ఇప్పుడు ప్రతి ఇంట ఫోనులో గొంతు పట్టే సదుపాయము ఉన్నది. హైస్కూలు పిల్లలు ఒక వేసవి సెలవులలో ఈ పని చేయగలరు. వచ్చే ఉగాది సంచికలో అట్టి నాలుగు పేజీలు వేస్తే ఈ వ్యాసముకంటె వాటి విలువ ఎక్కువ.

రాఘవగారి పేర బళ్ళారిలో కళామందిరము ఉన్నది. అది ఉండవలసినదే. రంగస్థలముమీద నిలిచినవారిని లోకము జ్ఞాపకము ఉంచుకొంటుంది. తెర వెనుక త్రాడు లాగినవారిని కూడా ఒక్కచోటనైనా జ్ఞాపకము ఉంచుకొందామని మా మనవి. రైలు దారిలో తెర వెనుక త్రాడు లాగినవారు కేబినువారు.

కొత్త సంవత్సరములో మన సంఘ కుటుంబాలన్నిటికి, మన ఇరుగుపొరుగు కన్నడ సోదరులకు ఆయురారోగ్యాలు కలుగుగాక. ఊరికి పోయే బండ్లన్నీ క్షేమముగా పోయి, క్షేమముగా తిరిగి వచ్చుగాక.